తడి కుండల ఆట

కుమ్మరి పని మీద ఆ ఇంటి కోడలు తయారుచేసిన బిళ్లల ఆట బడిలో ఒకసారి తేలిపోయింది. పిల్లలు ఆవలించారు. టీచరు ఇచ్చిన ఆఖరి అవకాశం ఈ మధ్యాహ్నమే. పొద్దున్నే కుండలు చేసే అత్తగారితో ఆడించి చూసింది. ఆటలో కుండల కింద ఎంత మంట పెడితే అన్ని పాయింట్లు.

అత్తగారు పకపకా నవ్వింది. "ఓసి పిచ్చిమొహమా! తడి కుండకి ఇంత మంటా? లోపలి నీరు ఆవిరై ఢామ్మని పగలదూ!"

"అత్తయ్యా, అసలు ఆట అదే!" అని కోడలు ఎగిరి గంతేసింది. కుండ బొమ్మ ఉన్న ప్రతి బిళ్ల మీదా తడికి గుర్తుగా మూడు నీలం పూసలు పెట్టింది. కుండ ఆరుతున్నట్టు వంతుకొకటి తీయాలి. ఒక్క పూస మిగిలుండగా ఎవరైనా మంట ముట్టిస్తే, కుండలు కాల్చే ఆవంలో అందరి కుండలూ పోతాయి.

మధ్యాహ్నం తరగతిలో ఒక పాప బల్ల ఎక్కినంత పని చేసింది. "ఆగవే తల్లీ! నాది ఇంకా ఆరలేదు! ముట్టించావో, నీదీ గోవిందా!"

బెల్లు కొట్టారు. ఎవరూ లేవలేదు.

"ఈ ఆట పెట్టె ఇక్కడే ఉంచి వెళ్లండి," అంటూ టీచరు కుర్చీ లాక్కుని తనూ ఒక కుండ బిళ్ల తీసుకుంది.