గాయమనుకున్నాను

నేను ఒక భక్షక కణాన్ని. పేరు విని భయపడకండి. కంటికి కనబడను, కరవను. ఎముక మూలుగలో పుట్టాను, నెత్తుటి వెంట తిరిగాను, చివరికి నీలవేణి అనే అమ్మాయి పొత్తికడుపులో స్థిరపడ్డాను. నాది కావలి ఉద్యోగం. చొరబడినదాన్ని తినాలి, చచ్చినదాన్ని ఊడ్చాలి, గాయం కనబడితే మాన్పాలి. కొంప ముంచింది ఈ మూడో పనే.

నెలనెలా గర్భసంచి లోపలి పొర ఊడి బయటికి పోతుంది కదా. అందులో కొంత దారి తప్పి, అండం దిగే గొట్టాల గుండా వెనక్కి, నేనున్న చోటికి వస్తుంది. చాలామంది ఆడవాళ్ళలో వస్తుంది. అక్కడి కావలి కణాలు తినేస్తాయి, అంతటితో సరి. నీలవేణికి పదిహేనేళ్ళప్పుడు అలాంటి ముక్క ఒకటి గర్భసంచి వెనక అంటుకుంది. చంపవలసిన తోటి కణాలు చూసీ చూడనట్టు పోయాయి. నేను దగ్గరికెళ్ళాను, కొంచెం తిన్నాను కూడా. ఎర్రగా వాచి నెత్తురోడుతోంది. పాపం, గాయమనుకున్నాను. రక్తనాళాలకు కబురు పెట్టాను, నరాలకు కబురు పెట్టాను, మావాళ్ళందరినీ పిలిచాను. దొంగకు అన్నం పెట్టి మంచం వేసిన కాపలా నాది. ప్రతి నెలా అది నెత్తురు కార్చేది, మేము మళ్ళీ మాన్పేవాళ్ళం. ఆ మాన్పడంలో పక్కనున్న పేగును కూడా దానికి అతికించేశాం. మేం రప్పించిన నరాల గుండా పోయిన నొప్పంతా ఆ పిల్ల అనుభవించింది.

నీలవేణిది ఆమదాలవలస దగ్గర పల్లె. కానిస్టేబులు కావాలని పట్టుదల. రాతపరీక్ష నెగ్గింది, ఇక మైదానంలో నాలుగు రౌండ్లు గడువులోగా పరిగెత్తాలి. ఈసారి తప్పితే వయసు దాటిపోతుంది, మళ్ళీ రానివ్వరు. నెలకు నాలుగు రోజులు మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకునే పిల్ల, మిగతా రోజులన్నీ పరిగెత్తేది. తల్లి అప్పలనరసమ్మ రాతిగుండె మనిషేమీ కాదు. వాము కషాయం కాచేది, కడుపు మీద వేడి ఇసుక మూట పెట్టేది. ఆసుపత్రి మాటెత్తితే మాత్రం ఒకటే పాట.

"ఒలే, ఆడపుటక పుట్టినోలందరికీ ఉన్నదే కదా. మీ అమ్మమ్మ ఈ నొప్పితోనే వరి ఉడుపులు ఉడిసింది. నీకొక్కదానికేటి?"

మార్గశిరం వచ్చింది. లక్ష్మివారాల నోము నడిచే నెలలో ఇంట్లో ఎవరికీ ముట్టు రాకూడదు. అప్పలనరసమ్మ తానే మందుల కొట్టుకెళ్ళి నెలసరిని వాయిదా వేసే మాత్రలు తెచ్చి, దగ్గరుండి మింగించింది. నెలంతా నెత్తురు లేదు. ఆ ముక్క మెత్తబడింది, మాకు పని తగ్గింది. ఇన్నేళ్ళలో ఆ ఒంట్లో నేను చూసిన సుఖమైన నెల అదొక్కటే. సాధనలో నీలవేణి నాలుగు రౌండ్లూ గడువుకు అర నిమిషం ముందే ముగించింది. నాకూ సంతోషమేసింది.

నోము ముగిసింది. పరుగు పరీక్షకు ఇంకా ఆరు రోజులున్నాయి. నీలవేణి మిగిలిన మాత్రలు తీసి చేతిలో పట్టుకుంది.

"ఇవి మింగినన్నాళ్ళూ నొప్పి రానేదమ్మా. పరుగయ్యేదాకా ఏసుకుంటాను."

"నోమైపోయింది కదే, ఇంకెందుకు? పెళ్ళి కావాల్సిన పిల్లవి. ఊరికే మింగితే రేపు కడుపు పండదు."

దేవుడి కోసం మింగితే పండే కడుపు పరుగు కోసం మింగితే ఎందుకు పండదో నాకు అర్థం కాలేదు. ఆ భయం నీలవేణికీ ఉంది. మాత్రలు గూట్లో పెట్టేసింది.

నెలంతా ఆగిన నెత్తురు పరీక్ష ముందురోజు మొదలైంది. మేమందరం పనిలో దిగాం. మర్నాడు మూడో రౌండు మలుపులో అతుక్కున్న పేగు లాగింది, పిల్ల కూలబడింది. లేచింది. కడుపు పట్టుకుని పరిగెత్తింది. గీత దాటేసరికి గడువు ముగిసి పంతొమ్మిది సెకన్లయింది. అక్కడే స్పృహ తప్పింది.

అప్పుడు తీసుకెళ్ళారు ఆసుపత్రికి. రెండు నెలల తర్వాత ఆపరేషన్ చేసి, ఆ ముక్కతో పాటు నన్నూ కోసి మందునీళ్ళ సీసాలో వేశారు. మర్నాడు డాక్టరమ్మ ఆ సీసా తెచ్చి తల్లీకూతుళ్ళకు చూపించింది.

"తీయగలిగినంత తీశాం. పేగు మీద ఉన్నది వదిలేశాం, తీస్తే చిల్లు పడుతుంది. అది మళ్ళీ పెరగొచ్చు. ఈ మాత్ర రోజూ వేసుకోవాలి, మానొద్దు."

అప్పలనరసమ్మ మాత్రల అట్ట అందుకుని, నోముకు తాను తెచ్చిన మాత్రలేనని గుర్తుపట్టింది. దాన్ని కొంగులో దాచుకుంది. తర్వాత మెల్లగా అడిగింది.

"ఈ సంగతి బయటికి పొక్కదు కదా డాక్టరమ్మా? సమ్మందం వొచ్చింది."

నీలవేణి తల్లి వైపు చూడలేదు. "నాను మళ్ళీ పరిగెత్తొచ్చా?" అంది.

"ఎందుకు పరిగెత్తకూడదూ? నెలన్నర ఆగి, ఎంతైనా పరిగెత్తు."

"ఎక్కడికి డాక్టరుగారూ?"

డాక్టరమ్మకు తప్పిపోయిన పరీక్ష సంగతి తెలియదు, నవ్వింది. నా సీసా మీద నీలవేణి పేరు రాసి ల్యాబుకు పంపేసింది.