నల్లట్ట మీద గీత

పాత రికార్డుల షాపులో కౌంటర్ వెనక ఎత్తు స్టూలు ఒకటి ఉండేది. దాని మీద కూర్చునే మనిషి పని మానేసి పది రోజులైంది. ఆ స్టూలు కోసం ఇద్దరు కాచుకుని ఉన్నారు. ఒకరు ఎదురుగా టైలరు దగ్గర బొత్తాల కాజాలు కుట్టే పిల్ల. రెండోవాడు ఆ పిల్ల అన్న.

అన్న ఏడాది నుంచీ ఆ షాపులోనే పడి ఉంటాడు. చెల్లెలు మాత్రం శనివారాలు పని అయ్యాక వచ్చి గుమ్మంలో నిలబడి వినేది. ఎవరైనా పలకరిస్తే ఆమెకు మాట గొంతు దాటేది కాదు. అయినా ఆ స్టూలు మీద ఎంత ఆశంటే, దాన్నే తలుచుకుంటూ కాజా కుడుతుంటే వేలికి సూది గుచ్చుకున్నా తెలిసేది కాదు.

ఆ శనివారం షాపాయన ఇద్దర్నీ లోపలికి పిలిచాడు.

"ఇక్కడ కూర్చునే మనిషికి చెవులూ ఉండాలి, నోరూ ఉండాలి. ఎర్రట్ట గొప్పదా, నల్లట్ట గొప్పదా? నన్ను ఒప్పించినవాళ్ళదే స్టూలు."

ఆ రెండూ ఒకే రాక్ బృందం ఆల్బాలు. ఎర్రట్ట మొదటిది, నల్లట్ట చివరిది. ఆ షాపులో ఏ మాట మొదలైనా తిరిగి తిరిగి వాటి దగ్గరికే వచ్చేది. రోజూ వచ్చి కూర్చునే లెక్కల మాస్టారు ఎర్రట్ట మనిషి.

"ఎర్రట్టలో నలుగురూ ఒకే గదిలో నిలబడి ఒకే ఊపులో వాయించారు," అన్నాడు మాస్టారు, తనని ఎవరూ అడక్కుండానే. "నల్లట్ట నాటికి ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు. అది ఆల్బమా, ఆస్తి పంపకమా?"

"మాస్టారి మాటే నా మాట," అన్నాడు అన్న. "డ్రమ్ము దెబ్బకి కిటికీ అద్దాలు అదరాలి. నల్లట్ట వింటే నిద్రొస్తుంది." చెల్లెలి వైపు తిరిగాడు. "దీనికైతే నల్లట్ట ప్రాణం. చెప్పవే, రెండో వైపు మూడో పాటలో నీకు నచ్చిన చోటు. ఇంట్లో నాకు చెప్తావుగా."

అన్న తనకు దారి ఇస్తున్నాడనుకుంది ఆ పిల్ల. నాన్న పోయాక ఇంట్లో మిగిలిన రికార్డు ఆ నల్లట్ట ఒక్కటే.

"ఎర్రట్టలో వాళ్ళు మన కోసం వాయించారు బాబాయ్ గారూ," అంది షాపాయనతో, నేల చూస్తూ. "నల్లట్టలో మనం ఉన్నామనే మరిచిపోయారు. పక్కింటివాళ్ళ మాటలు గోడకి చెవి పెట్టి విన్నట్టుంటుంది. కలిసున్నప్పుడు ఎవరైనా బాగానే వాయిస్తారు. వీళ్ళు విడిపోతూ కూడా ఒకరి కోసం ఒకరు ఆగారు."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. షాపాయన స్టూలు మీదున్న అట్టపెట్టె ఎత్తి కింద పెట్టాడు. అది చూసిన పిల్లకి ఇక మాట ఆగలేదు.

"మూడో పాటలో 'నిన్ను నేను' అని ఎత్తుకుంటాడు. ఆ తర్వాతి మాట అనలేడు. గొంతు టక్కున తెగిపోతుంది. ఒక్కసారిగా 'తలుపు తెరిచే ఉంది' అనేస్తాడు. పాట తాళం కూడా అక్కడ కాలు జారినట్టు ముందుకి పడుతుంది. నోటికి రాని మాటని అలా వదిలేయడం ఎర్రట్టలో ఎక్కడుంది?"

"ఆ చోటు ఒకసారి వినిపించండి," అన్నాడు అన్న, చాలా వినయంగా.

షాపాయన తన నల్లట్ట తీసి సూది పెట్టాడు. "నిన్ను నేను" అన్నాడు గాయకుడు. పిల్ల కళ్ళు మూసుకుంది. "మరిచిపోయాను హాయిగా" అని అతను ఆగకుండా, నవ్వుతూ పాడాడు. ఇంకో రెండు చరణాలు పాడుకుని, అప్పుడు తీరిగ్గా తలుపు దగ్గరికి వచ్చాడు.

ముందు మాస్టారు నవ్వాడు. "అమ్మాయ్, మీ ఇంట్లో రికార్డుకి గీత పడిందే. సూది ఎగిరి దూకితే అది పాటనుకున్నావా?"

అన్న కౌంటర్ పట్టుకుని వంగిపోయాడు. "ఆ గీత గీసింది నేనేనండీ, చిన్నప్పుడు, మేకుతో. పన్నెండేళ్ళుగా దానికే కన్నీళ్ళు పెట్టుకుంటోంది."

"తెలిసీ చెప్పలేదట్రా?" అన్నాడు షాపాయన. అడిగాడే గానీ ఆయనా నవ్వుతూనే ఉన్నాడు. "ఏదీ, ఆ కాలు జారడం ఇంకోసారి చెప్పమ్మా."

ఆ పిల్ల చెప్పింది. పక్క మందుల షాపు మనిషి వస్తే, అతని కోసం మళ్ళీ చెప్పించారు. కాదంటే స్టూలు పోతుందేమోనని మళ్ళీ చెప్పింది. చెప్పడం ముగించి చూసేసరికి స్టూలు మీద అన్న కూర్చుని కాళ్ళు ఊపుతున్నాడు.

"ఇవాళ్టి నుంచి నీ పేరు గీత," అన్నాడు మాస్టారు.

ఇంటికొచ్చి భోజనాల దగ్గర కూర్చున్నాక అమ్మ అడిగింది. "స్టూలు ఎవరికిచ్చార్రా?"

"నాకే."

"మరి దీన్నేమన్నారు?"

"తెగ మెచ్చుకున్నారమ్మా. ముద్దుగా గీత అని పేరు కూడా పెట్టారు."

పిల్ల నోరు తెరిచింది. ఆ పేరు సంగతి చెప్పాలంటే రికార్డు సంగతి చెప్పాలి. నాన్న పోయినప్పటి నుంచీ అమ్మ కూడా సరిగ్గా ఆ చోటు దగ్గరే కళ్ళు తుడుచుకుంటుంది. పిల్ల నోరు మూసుకుంది. అన్న కంచంలోకి తల వంచి భుజాలు కదుపుతూ నవ్వుతున్నాడు.

అమ్మ మొహం విప్పారింది. "మంచి పేరే. పెద్దవాళ్ళు నచ్చందే పెట్టరు. గీతా, ఆ కంచాలు తియ్యమ్మా."

పిల్ల కదల్లేదు.

"అమ్మ పిలుస్తుంటే పలకవేమే, గీతా?" అన్నాడు అన్న.

"ఆఁ," అని లేచింది.