ఎర్ర చుక్క గ్లాసు

అరడజను స్టీలు గ్లాసుల్లో అయిదు కలిపి తోమాలి. ఎర్ర చుక్కది మాత్రం విడిగా, చివర్లో. ఆపరేషను ముందు చేసిన పరీక్షలో కోడలి రక్తంలో హెపటైటిస్ సి అనే లివరు జబ్బు ఉందని తేలిన రోజున, ఆమె గోళ్ల రంగుతోనే అత్తగారు ఆ చుక్క పెట్టింది. మూడు నెలల మాత్రలతో జబ్బు పోయింది. చుక్క పోలేదు. ఆ కోడలే ఇంటిల్లిపాదికీ వండి పెడుతుంటే మాత్రం ఎవరికీ ఏ భయమూ లేదు. గ్లాసుకి అంటుకునే జబ్బు కూరకెందుకు అంటుకోదో అడగాలని నాలుక చివరిదాకా వచ్చేది. మింగేసేది.

డాక్టరమ్మ మాటే మింగుడు పడలేదు. "పాపకి మీ కడుపులోనే సోకి ఉండొచ్చమ్మా. పిల్లల్లో పైకేం తెలీదు, లోపల లివరు పాడవుతుంటుంది. పరీక్ష చేయిద్దాం. ఉన్నా మాత్రలతో పోతుంది."

మొగుడిది మందుల షాపు. ఊరందరికీ లివరు టానిక్కులు అంటగట్టే మనిషి. "నా కూతురికే రోగమని తెలిస్తే షట్టరు దించుకోవాలి. చూద్దాంలే," అన్నాడు. చూద్దాం, చూద్దాం అంటూనే ఏడాది లాగేశాడు.

ఆ ఉదయం పాప ఎర్ర చుక్క గ్లాసు అందుకోబోయింది. నానమ్మ చెయ్యి లాగేసింది.

"ముట్టకే తల్లీ!"

"నాకు పరీక్ష చేస్తే నాక్కూడా చుక్క పెడతావా నానమ్మా?"

"అందుకేగా వద్దంటున్నది!" అని ముద్దుచేసి, ఆవిడ ఇంకో గ్లాసులో నీళ్లు ముంచుకుంది.

కోడలు చేతులు కడుక్కుంది. "పాపా, చెప్పులేసుకో. రక్తపరీక్షకెళ్దాం."

"నన్నడక్కుండా గడప దాటితే..." మొగుడు కుర్చీలోంచి లేచాడు.

ఆమె అతనికేసి చూడలేదు. "తాగండి అత్తయ్యా, ఆగారేం? మీ చేతిలోది నా గ్లాసే కావచ్చు. జబ్బు పోయిందని డాక్టరమ్మ చెప్పిన రోజే ఆ చుక్క గీకేసి, ఇంకోదానికి పెట్టాను. నాది మీవాటిల్లో కలిపేశాను. దాంతో తాగనివాళ్లు ఈ ఇంట్లో ఎవరూ లేరు. ఎవరికేమైంది?"

గ్లాసు ఖంగున కిందపడింది. మొగుడు తన చేతిలోని కాఫీ గ్లాసుకేసి చూసుకున్నాడు.

ఆమె పాప చెయ్యి పట్టుకుని గడప దాటింది.

"మాకు ఆలస్యమవుతుంది. ఆ గ్లాసులు మీరే తోముకోండి."