బండి ఆపని మనిషి

ట్రక్కు చుట్టూ తిరిగి ఒక్కో టైరునీ బూటుతో తన్ని చూశాడు ఆయన. ఇవాళ ఆ ట్రక్కుని తను నడపబోవడం లేదని తెలిసినా, మిలిటరీ షెడ్డులోకి రాగానే కాళ్ళు వాటంతటవే ఆ పని చేశాయి. తర్వాత బానెట్ ఎత్తి నూనె చూశాడు, రేడియేటర్లో నీళ్ళు పోశాడు, అద్దం తుడిచాడు. మనిషి పొడగరి. ఒకప్పుడు భుజాల దగ్గర బిగిసిపోయే యూనిఫాం ఇప్పుడు కొక్కేనికి తగిలించినట్టు వేలాడుతోంది. బుగ్గలు లోపలికి పీక్కుపోయాయి.

యూనిట్‌లో ఆయన్ని అందరూ 'ఉపవాసం' అంటారు. కాన్వాయ్ బయల్దేరే ముందు సాయంత్రం నుంచీ ఆయన మెతుకు ముట్టడు. ఏదో మొక్కు కాబోలనుకున్నారు. "ఈయనగారికి రేషన్ ఇవ్వడం శుద్ధ దండగ" అని మెస్సులో వంటవాడు ఏడిపిస్తే నవ్వి ఊరుకునేవాడు. మొక్కూ లేదు, పాడూ లేదు. కడుపులో ఏమీ లేకపోతే పేగులు దారిలో గోల చెయ్యవు, అంతే సంగతి. పేగుల నిండా పుళ్ళు. విరేచనాల్లో రక్తం పడుతుంది. ఒకసారి పిలుపొచ్చిందంటే ఆగదు. పైకి చెప్పుకుంటే స్టీరింగు లాక్కుంటారు. అందుకని బయట డాక్టరు దగ్గర చాటుగా మందులు కొనుక్కుని ఏళ్ళు నెట్టుకొచ్చాడు, పోయినేడు ఈ షెడ్డులోనే కళ్ళు తిరిగి పడిపోయేదాకా. అప్పట్నుంచీ మిలిటరీ ఆసుపత్రిలో ఇచ్చే ఖరీదైన సూదిమందు మీదే నెట్టుకొస్తున్నాడు.

ఇవాళ మెడికల్ బోర్డు, డాక్టర్లు ఆయన సంగతి తేల్చే రోజు. ఉన్నవి రెండే దారులు. జబ్బు సర్వీసులో వచ్చిందే, పనికి బాగా అడ్డుపడుతోందీ అని తేలిస్తే రిటైర్మెంటు. పెన్షనుంటుంది, బతికినంత కాలం మిలిటరీ ఆసుపత్రి ఉంటుంది. అంత పెద్ద జబ్బేం కాదంటే, కొంత సొమ్ము చేతిలో పెట్టి పంపించేస్తారు. ఆ గేటు దాటాక సూదిమందు సంగతి ఎవరికీ పట్టదు. ఆ సూది లేకపోతే ఆయన మళ్ళీ మంచం ఎక్కుతాడు.

ఆసుపత్రి వరండాలో ఆయన కోసం ఎదురుచూస్తూ భార్య బెంచీ మీద కూర్చుని ఉంది. పక్కనే అందరూ బక్కోడని పిలిచే కుర్రాడు. ఆయన ట్రక్కులో రెండో డ్రైవరు.

"కంగారు పడకు వదినా" అంటున్నాడు వాడు. "నిన్న బోర్డువాళ్ళు నన్నూ పిలిచి అడిగారు. అన్న గురించి ఎంత గొప్పగా చెప్పాననుకున్నావు! ఒక్క డ్యూటీ ఎగ్గొట్టలేదు, ఒంట్లో బాలేదని ఒక్కసారి బండి ఆపలేదు, ఇలాంటి డ్రైవరు మళ్ళీ పుట్టడు అన్నాను."

ఆవిడ వాడి మొహం చూసింది. "కొంప ముంచావు కదయ్యా" అంది మెల్లగా.

"నేనేం చేశాను?"

వాడికి తెలియదు. తెలియకూడదనే కదా ఆయన ఇన్నేళ్ళూ తిప్పలు పడింది.

ఆయన వచ్చిన కాసేపటికి లోపల్నుంచి పిలుపు రాగానే ఆవిడ లేచి ఆయన కాలరు సరిచేసింది. "లోపల కర్రలా నిలబడి బాగున్నాననకండి. ఇంట్లో నాతో చెప్పినట్టు చెప్పండి."

"నీతో మాత్రం ఎక్కడ చెప్పాను? బట్టలు ఉతుకుతూ నువ్వే తెలుసుకున్నావు."

"అయితే అదే చెప్పండి."

లోపల ముగ్గురు డాక్టర్లు. మధ్యలో తెల్లజుట్టు పెద్దావిడ. కూర్చోమంది. ఆయన కూర్చోలేదు.

"ఎలా ఉన్నారు?"

"బాగున్నాను మేడమ్."

నోరు ఆయన్ని అడక్కుండానే పలికేసింది. ఏటేటా జరిగే పరీక్షలో ఇచ్చే జవాబే అది. పక్కనున్న కుర్ర డాక్టరు ఏదో రాసుకున్నాడు.

"మీతో నడిపినతను కూడా అదే చెప్పాడు" అంది పెద్దావిడ. "డ్యూటీకి ఎప్పుడూ ఆటంకం లేదన్నాడు. బండే ఆపలేదట."

ఆ మాట ఇంకెప్పుడు విన్నా ఆయన ఛాతీ పొంగేది. ఇప్పుడు మెడ వెనక చెమట పట్టింది. ఎదురుగా గోడ మీద పెచ్చు ఊడిన చోటు చూస్తూ నిలబడ్డాడు.

"ఆపాను మేడమ్" అన్నాడు చివరికి. "టైర్లు చూసొస్తానని దిగేవాణ్ణి. బండికి అవతలి పక్క కూర్చునేవాణ్ణి. వాడు లోపలే ఉండేవాడు, వాడికి తెలీదు. ఒక్కోసారి... దిగేలోపే అయిపోయేది. అలాగే సాయంత్రం దాకా నడిపేవాణ్ణి."

కుర్ర డాక్టరు కలం ఆగిపోయింది. పెద్దావిడ బక్కోణ్ణి లోపలికి పిలిపించింది.

"దారిలో టైర్లు చూడ్డానికి ఆపేవారా?"

"అబ్బో, అది అడక్కండి మేడమ్!" వాడు హుషారుగా అందుకున్నాడు. "అన్నకి టైర్ల పిచ్చి. వద్దన్నా దిగి..." అంటూ ఆయన వైపు తిరిగాడు. ఆయన మొహం చూశాక వాడి నవ్వు వాడిపోయింది.

"చాలాసార్లు ఆపేవాడు మేడమ్. ఎంత చలైనా కిటికీలు మూయనిచ్చేవాడు కాదు. డీజిలు వాసన పడదనేవాడు."

మధ్యాహ్నం నిర్ణయం చెప్పారు. సైనిక సేవకు ఇక పనికిరాడు, రిటైర్మెంటు. వరండాలో ఆవిడ రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది. ఆయన కోరుకున్నదే దొరికింది. కానీ 'పనికిరాడు' అన్న మాటని మోసుకునే షెడ్డుకి నడిచాడు.

షెడ్డులో తాళాలు బక్కోడి చేతిలో పెట్టాడు. "క్లచ్ మెత్తగా తొక్కు."

"నాకు చెప్పొచ్చు కదన్నా."

"చెబితే బండి ఉంచేవాళ్ళా?"

"వాళ్ళకి కాదు, నాకు. పొద్దున్నే రెండు ముద్దలు తిని వచ్చేవాడివి. బాలేనప్పుడు నేను నడిపేవాణ్ణి."

ఆయన వాడి భుజం మీద చెయ్యి వేసి, తీసేశాడు.

గేటు దగ్గర ఆవిడ సంచి పట్టుకుని నిలబడి ఉంది. "మీ సామానంతా తెచ్చేసుకున్నారా?"

"తెచ్చా."

నాలుగడుగులు వేశాక ఆవిడే ఆగింది. "సీటు మీదది?"

ఆయన వెనక్కి తిరిగేసరికే సాయంత్రపు కాన్వాయ్ కదిలింది. మూడో బండి ఆయనది. బక్కోడు నిటారుగా కూర్చుని నడుపుతున్నాడు. కిటికీలు రెండూ తీసే ఉన్నాయి. వాడి కింద, ఖాకీ గుడ్డ అడుగున, సీటు కొలతకి సరిగ్గా కత్తిరించి, కదిలితే చప్పుడు కాకుండా అంచులు లోపలికి మడిచి ఆవిడ చేత్తో కుట్టిన రబ్బరు షీటు.