రెప్ప కదపనివాడు

మా తమ్ముడు కిమాయో, కెన్యాలోని మా ఇటెన్ ఊరి కొండల్లో పరిగెత్తి పరిగెత్తి కాలునొప్పి తెచ్చుకుంటే, నైరోబీ నుంచి వచ్చిన డాక్టరమ్మ దగ్గరికి నేనే లాక్కెళ్లాను.

"మోకాలి కింది ఎముక పొడవునా నొప్పయితే ఉత్త వాపే. ఒక్కచోటే ప్రాణం పోతుంటే పగులు," అంటూ ఆవిడ ఎముకంతా బొటనవేలితో గట్టిగా నొక్కుతూ వాడి ముఖమే చూసింది. వాడు రెప్ప కదపలేదు.

"వాపే. మెల్లగా పరిగెత్తు," అంది.

ఆదివారం పందెంలో ఆ ఎముక కాస్తా విరిగింది. వాడిక పరిగెత్తలేడట.

"నొక్కినప్పుడే అరిచి చావొచ్చు కదరా!" అని ఆసుపత్రిలో తిట్టాను.

"కుర్రాళ్లని మగాళ్లని చేసే సున్తీనాడు కత్తి ముందు ముఖం చిట్లించినవాణ్ణి ఊరు ఇప్పటికీ పిరికోడనే పిలుస్తోంది కదక్కా," అన్నాడు. "ఆరోజు పెద్దలు నా ముఖంలోకి ఎలా చూశారో, ఆవిడా అలాగే చూసింది."