వెనుక ఇరుసు మీట

మా పంపుసెట్ల దుకాణంలో పదకొండేళ్ళుగా జీపు నడుపుతున్న మొగిలయ్యను సోమవారం నుంచి రావద్దన్నారని నాకు శుక్రవారం మధ్యాహ్నం తెలిసింది. ఆ మాట చెప్పింది నా మరిది కిషన్ రావు కాదు. దుకాణంలో మోటార్లకు తీగ చుట్టే సాంబయ్య. ఆ దుకాణంలో సగం వాటా నా భర్త రాజేశ్వర్ రావు తదనంతరం నాకు వచ్చింది. హనుమకొండ బాలికల పాఠశాలలో ముప్ఫై రెండేళ్ళు భౌతికశాస్త్రం బోధించి ఆ వేసవిలోనే, అంటే 1983లో, పదవీ విరమణ చేశాను. పాఠాలు చెప్పుకునే మనిషికి దుకాణం సంగతులు ఎందుకని మా ఇంట్లో అందరి అభిప్రాయం. ఆ అభిప్రాయాన్ని ఎవరూ నన్ను అడిగి ఏర్పరచుకోలేదు.

మొగిలయ్య మీద మోపిన నేరం ఇది. తొర్రూరు అవతల మొండయ్య అనే రైతు బావి దగ్గరికి వెళ్ళే బండ్ల బాట పొలాల మడవ నీటితో ఎప్పుడూ నాని ఉంటుంది. రేగడి నేల. ఆ బాటలో ఒకే నెలలో మా జీపు మూడుసార్లు దిగబడింది. మూడోసారి మోటారు రెండు రోజులు ఆలస్యమైంది. మొండయ్య విసిగి వేరే దుకాణంలో మోటారు కొనుక్కున్నాడు. కిషన్ రావు ఆరుగురు గిరాకీల ఎదుట మొగిలయ్యను నిలబెట్టి, “నీకు బండి తోలరాదు, ఎడ్లను కాసుకో పో” అన్నాడట.

పదకొండేళ్ళలో ఒక్క గీత కూడా పడకుండా జీపు నడిపిన మనిషిని అన్న మాట అది. ఒకరికి పని రాదని తీర్పు చెప్పేవాడు ముందు ఆ పని ఎలా జరుగుతుందో తెలుసుకోవాలి. ఇది కనీస ధర్మం. నేను చెప్పులు వేసుకుని దుకాణానికి బయలుదేరాను.

మొగిలయ్య బయట అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

“జీపు ఎట్ల దిగబడ్డదో చెప్పు,” అన్నాను.

“ఏం జెప్పాలె అమ్మా. కుడిదిక్కు చక్రం బురదల ఉత్తగనే గిరగిర తిరుగుతాంది. ఎడమదిక్కుది గట్టి నేల మీదనే ఉన్నది. కని అది ఇంచు గూడ కదుల్తలేదు. మూడుసార్లు గట్లనే అయింది.”

కిషన్ రావు లోపలి నుంచి వచ్చాడు. “వదినా, గివన్ని కతలు. రేసు బాగ ఇస్తాండు, అందుకే దిగబడ్తాంది. మీరెందుకు పరేషాన్ అయితరు ఎండల వచ్చి?”

“నేను పరేషాన్ కాలేదు. జాకీ తెప్పించు.”

“జాకీనా?”

“వెనుక కుడి చక్రం నేలకు నాలుగు వేళ్ళు పైకి లేవాలి. అంతే.”

సాంబయ్య జాకీ తెచ్చాడు. దుకాణం ముందరి సిమెంటు నేల మీద, చౌరస్తా నుంచి వచ్చిపోయేవారు చూస్తుండగా, జీపు కుడి చక్రం గాలిలోకి లేచింది. మొగిలయ్య సీటువైపు నడవబోతే ఆపాను.

“నువ్వు కాదు. కిషన్, నువ్వు కూర్చో. మొదటి గేరు వేసి ముందుకు పోనియ్.”

గిరాకీలు చూస్తున్నారు కనుక అతడు కాదనలేకపోయాడు. ఎక్కాడు, గేరు వేశాడు, క్లచ్ వదిలాడు. గాలిలోని చక్రం తిరిగింది. నేల మీది చక్రం తిరగలేదు. అతడు రేసు పెంచాడు. గాలిలోని చక్రం మరింత వేగంగా తిరిగింది. జీపు మాత్రం ఉన్నచోటనే ఉంది.

“ఇది సిమెంటు నేల,” అన్నాను. “బురద చుక్క లేదు. తోలుతున్నది నువ్వు. జీపు ఎందుకు కదలలేదు?”

ఎవరో పెద్దగా నవ్వారు. “సేటూ, ఎడ్లను పట్టుకరావాల్నా?” అన్నాడు ఒక రైతు.

కిషన్ రావు ఇంజను ఆపి దిగాడు. “ఇది ఫోర్ వీల్ జీపు గద వదినా. ముంగటి చక్రాలు గుంజాలె మరి.”

అప్పుడు మొగిలయ్య కిషన్ రావు ఎదుట మొదటిసారి నోరు విప్పాడు. “ముంగటి షాఫ్టు మీరే తీయించిండ్రు సేటూ. డీజిల్ తక్కువ తాగుతదని. అది పాత ఇనుప సామాన్ల కింద పోయి నాలుగేండ్లాయె.”

ఇది ఒక్క మా దుకాణం తెలివి కాదు. ఆ రోజులలో వరంగల్‌లో సగం జీపులకు ముందు ఇరుసును నడిపే షాఫ్టు ఉండేది కాదు. పేరు మాత్రం ఫోర్ వీల్ జీపు.

నేను అక్కడివారందరికీ వినిపించేలా చెప్పాను. మలుపులో బయటి చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ దూరం తిరగాలి. అందుకోసం వెనుక ఇరుసు నడుమ డిఫరెన్షియల్ అనే గేర్ల కూర్పు ఉంటుంది. అది రెండు చక్రాలకూ సమానమైన బలాన్ని పంచుతుంది. ఒక చక్రానికి పట్టు లేకపోతే దానికి అందేది దాదాపు సున్న. పంపకం సమానం కనుక గట్టి నేల మీది చక్రానికి అందేదీ సున్నయే. ఇందులో డ్రైవరు తప్పు ఎక్కడుందో ఎవరైనా చూపవచ్చు.

అయినా కిషన్ రావు తగ్గలేదు.

“సరే. మీరు జెప్పినట్లే బాగుచేయిద్దాం. బేస్తవారం మొండయ్య బావికాడికే పోదాం. మళ్ళ దిగబడ్డదో, మొగిలయ్య ఇంటికే. అప్పుడు మీరు అడ్డం రావద్దు.”

“రాను,” అన్నాను. మొగిలయ్య ముఖంలో రంగు మారింది. లెక్క తెలిసినదానిని కనుక నాకు ఆ భయం లేదు.

ములుగు రోడ్డు మీద వెంకట్రాజం షెడ్డు ఉంది. అతడు జీపు ఇరుసుల పనిలో పేరున్న మెకానిక్. ఆ సాయంత్రమే అతడు, నేను, కిషన్ రావు, మొగిలయ్య నలుగురం అక్కడ నిలబడ్డాము.

“మూడు తీర్ల చెయ్యొచ్చు అమ్మా,” అన్నాడు వెంకట్రాజం చేతులు తుడుచుకుంటూ. “మా దగ్గర ఎక్కువ చేసేది వెల్డింగు. లోపటి చిన్న గేర్లను కలిపి అతికిస్త. ఇగ రెండు చక్రాలు ఒక్కటే. ఒక్క పూటల అయిపోతది.”

“గదే చెయ్యి రాజం,” అన్నాడు కిషన్ రావు.

“మలుపులో ఏమవుతుంది?” అని అడిగాను.

వెంకట్రాజం తల గోక్కున్నాడు. “తారు రోడ్డు మీద టైర్లు గీరుకుంటయి. ఎప్పుడో ఒకసారి ఆక్సిల్ ఇరుగుతది. బండి తిన్నగ పోతనంటది, మలుగనంటది.”

“మన జీపు ముప్పావు వంతు తారు రోడ్డు మీదనే తిరుగుతుంది. తరువాతది చెప్పు.”

“ప్లేట్లది ఉంటది. లోపట ప్లేట్లు ఒకదానికొకటి ఒత్తుకొని రాపిడి వెడ్తయి. డ్రైవర్ ఏం చేసే పని లేదు. అదే పట్టుకుంటది.”

“ఇది ఇంకా మంచిగున్నది,” అన్నాడు కిషన్ రావు. “డ్రైవర్ చేతుల పెట్టుడే ఉండది.”

“ఒక చక్రం బురదలో పూర్తిగా తేలిపోతే రెండోదానికి ఎంత బలం పోతుంది రాజం?”

“ప్లేట్ల రాపిడి ఎంతుంటే అంతనే పోతది అమ్మా. కొత్తగున్నప్పుడు నయం. ప్లేట్లు అరిగినంక దండుగ. దానికి ఆయిలు గూడ వేరే. వరంగల్‌ల దొరకది.”

“మూడోది?”

“లాకు. మిలిటరీ ఏలం బండ్లల్ల వస్తది, హైదరాబాద్‌ల నాకు ఎరుకైన మనిషి దగ్గర ఉన్నది. మన ఇరుసుకు కూసుండవెట్టుడు నా జిమ్మ. సీటు పక్కన లీవర్ ఉంటది. గుంజితే రెండు చక్రాలు ఒక్కటైతయి. వదిలిపెడితే మామూలే.”

కిషన్ రావు చేయి అడ్డంగా ఊపాడు. “వద్దే వద్దు. డ్రైవర్ చేతుల లీవర్ పెడితే నెల తిరగకముందే ఇరగ్గొడ్తడు. మనిషిని నమ్ముకొని మిషను కొంటరా ఎవలన్న?”

అసలు విషయం అక్కడ ఉంది. అతడు మూడు పరికరాలలో ఒకదానిని ఎంచుకోవడం లేదు. మొగిలయ్యకు బుద్ధి లేదని ముందే నిర్ణయించుకుని, ఆ నిర్ణయానికి సరిపోయే పరికరాన్ని వెదుకుతున్నాడు. ఆ షెడ్డులో అప్పటివరకు నలుగురు ఉండగా ముగ్గురే మాట్లాడారు.

నేను నాలుగో మనిషివైపు తిరిగాను. “మొగిలయ్యా, నీకు ఏది కావాలి?”

అతడు కండువా సర్దుకున్నాడు. “లాకే అమ్మా. నాకు అది ఎరుకే.”

“ఎట్ల ఎరుక?” అన్నాడు కిషన్ రావు.

“మీ దగ్గరికి రాకముందు తొర్రూరుల ట్రాక్టరు తోలిన గద సేటూ. దానికి కుడి మడిమ కింద పెడల్ ఉండేది. ఒక చక్రం ఉత్తగ తిరిగితే రేసు తీసి, చక్రం ఆగినంక తొక్కాలె. తిరుగుతుండంగ తొక్కితే గేరు పండ్లు పోతయి. గట్టి నేల రాంగనే ఇడవాలె. లాకు మీద మలిపితే ట్రాక్టరు మలగది.”

వెంకట్రాజం నవ్వాడు. “నేను జెప్పాల్సింది ఈయనే జెప్పిండు.”

“మరి మూడుసార్లు దిగబడ్డప్పుడు ఇది ఎందుకు చెప్పలేదు?” అని అడిగాను.

“ఎవలన్న అడిగితే గద అమ్మా చెప్పేది,” అన్నాడు మొగిలయ్య.

కిషన్ రావు గోడ మీది టైర్లు చూస్తూ నిలబడ్డాడు. నేను వెంకట్రాజానికి లాకు తెప్పించమని చెప్పాను. సగం వాటా ఉన్న మనిషి మాటకు ఆ మాత్రం చెల్లుబాటు ఉంటుంది.

బుధవారం నాటికి పని పూర్తయింది. సీటు పక్కన జానెడు ఇనుప మీట, దాని చివర నల్లని గుండు. బేస్తవారం ఉదయం మొగిలయ్య తోలుతుండగా నేను ముందు, కిషన్ రావు వెనుక మోటారు పక్కన కూర్చున్నాము. మొండయ్యకు రెండో బావి ఉంది. ఆ బావికి మోటారు మా దగ్గరే కొంటానని, అయితే పొద్దు నడినెత్తికి రాకముందే చేరాలని అతడు షరతు పెట్టాడు.

బండ్ల బాట మొదలై ఫర్లాంగు పోయేసరికి కుడి చక్రం దిగబడింది. బురద వెనక్కి చిమ్మి కిషన్ రావు తెల్ల చొక్కా మీద పడింది.

“ఇగో! మళ్ళ అదే కత!” అని అరిచాడు. “చూసిండ్రా వదినా?”

“చూస్తున్నాను,” అన్నాను. “నువ్వు కూడా చూడు.”

మొగిలయ్య రేసు పూర్తిగా తీశాడు. చక్రం ఆగేదాకా ఆగాడు. అప్పుడు మీటను గుంజాడు. లోపల ఎక్కడో టక్కుమని చప్పుడైంది. మొదటి గేరు వేసి, అడుగులో అడుగు వేసినట్లు క్లచ్ వదిలాడు. ఎడమ చక్రం గట్టు అంచును పట్టింది. జీపు ఒకసారి ఒరిగి, తనంతట తాను గుంతలోంచి పైకి వచ్చింది. ఇరవై గజాల తరువాత గట్టి నేల తగలగానే అతడు మీటను వెనక్కి తోశాడు.

బావి దగ్గర మొండయ్య గొంగడి భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. “ఏమే మొగిలీ, ఇయ్యాల భుజం వెట్టి నూకుడు లేదా?” అన్నాడు.

“మీకు ఆ కష్టం తప్పింది బాపూ,” అన్నాడు మొగిలయ్య.

ఇక్కడికి కథ ముగిస్తే కిషన్ రావుకు అన్యాయం చేసినదాన్ని అవుతాను. అతడు తన పాఠం తానే నేర్చుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో తాను తోలుతానన్నాడు. బురదలో మీట గుంజాడు, జీపు దాటింది. చిన్నపిల్లవాడిలా సంతోషించాడు. తారు రోడ్డు ఎక్కాము.

“లాకు తియ్యిండ్రి సేటూ,” అన్నాడు వెనుక నుంచి మొగిలయ్య.

“ఉండనీయ్ తీ. ఇంత పెట్టి తెప్పిచ్చినం, ఉత్తగ పండవెట్టుడెందుకు? పనిజెయ్యనీ.”

వ్యాపారి తప్ప మరొకరు చేయలేని తప్పు ఇది. కొన్న వస్తువు ప్రతి నిమిషం పనిచేస్తేనే అతడికి మనశ్శాంతి. నేను అతడిని ఆపలేదు. రోడ్డు నిర్మానుష్యంగా ఉంది, వేగం తక్కువగా ఉంది, ముందు ఒక మలుపు ఉంది.

కిషన్ రావు స్టీరింగు ఎడమకు తిప్పాడు. జీపు తిరగలేదు. టైర్లు కీచుమన్నాయి. అతడు బలమంతా పెట్టి తిప్పుతున్నా జీపు తిన్నగా పోయి, రోడ్డు పక్కన పోసిన కంకర కుప్పకు ముక్కు ఆనించి ఆగింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. కిషన్ రావు రెండు చేతులూ స్టీరింగు మీదనే ఉన్నాయి.

మీటను తోశాడు. రాలేదు. గట్టిగా తోశాడు. కదలలేదు.

“ఫికర్ జెయ్యకుండ్రి,” అన్నాడు మొగిలయ్య నెమ్మదిగా. “గేర్ల మీద బిగుసుకున్నది. జర రివర్సు ఇయ్యిండ్రి, అదే ఊడతది.”

జీపు మూరెడు వెనక్కి పోయింది. మీట దానంతట అదే జారింది. కిషన్ రావు ఇంజను ఆపాడు, దిగాడు, వెనుకకు వెళ్ళి మోటారు దించిన ఖాళీ చోటులో కూర్చున్నాడు.

“నువ్వే తోలు మొగిలీ,” అన్నాడు.

దుకాణం ముందు దిగేటప్పుడు నేను మరిదికి ఒకటే మాట చెప్పాను. “ఆరుగురి ముందు అన్న మాటను ఇంట్లో వెనక్కి తీసుకుంటే చెల్లదు.”

మరునాడు ఉదయం నేను వెళ్ళేసరికి దుకాణంలో తొమ్మిదిమంది గిరాకీలు ఉన్నారు. కిషన్ రావు నన్ను చూసి, గల్లా దగ్గర నుంచి లేచి నిలబడ్డాడు.

“అందరు ఇనుండ్రి,” అన్నాడు. “మొన్న మొగిలయ్యను బండి తోలరాదన్న. తప్పు బండిదే, దాని ముంగటి షాఫ్టు తీయించిన నాది. ఇగ ఆ లీవరును మొగిలయ్య తప్ప ఎవలు ముట్టద్దు.”

“మీరు గూడనా సేటూ?” అన్నాడు సాంబయ్య మోటారు చుట్టడం ఆపకుండానే.

“నేను గూడ.”

మొగిలయ్య అరుగు మీది నుంచి లేచి కండువా దులుపుకున్నాడు. మొండయ్య కొత్త మోటారుకు, గొట్టం అడుగున బిగించే ఫుట్‌వాల్వు కావాలన్నాడని చెప్పి, దానిని తీసుకుని, జీపు ఎక్కి తొర్రూరు వైపు బయలుదేరాడు.