విప్పిన బండి

షుకూర్ బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి, తీగ కొసకు గుడ్డ చుట్టి పక్కకు వంచాడు. తరువాత బానెట్ కింద తలపెట్టి వాసన చూశాడు. కాలిన రబ్బరు వాసన, దాని అడుగున పులిసిన తియ్యటి వాసన. లారీ ఇప్పపువ్వు బస్తాలతో అడవి డిపోలో చాలా రోజులు నిలబడింది. పువ్వు కోసం వచ్చిన ఎలుకలు ఇంజను మీద కాపురం పెట్టి వైర్ల తొడుగులు కొరికేశాయి. నిన్న దమ్మపేట చేరేసరికి రాగితీగలు ఒకదానికొకటి తగిలి వైర్ల కట్ట మొత్తం మాడిపోయింది.

"ఎలకలు పువ్వు తిని తాగినట్టయినయ్ భాయ్" అన్నాడు డ్రైవర్ బద్యా. "తాగినోనికి నంజుకోను ఏదో ఒకటి కావాలె గద. నా వైరింగ్ దొరికింది."

షుకూర్ నవ్వలేదు. "అతుకులేస్తే రేపు మళ్ల కాలుతది. కట్ట మొత్తం మార్చాలె."

"పొద్దుగూకే లోపల అయితదా? భాభీని వైరాల దింపాలె..." అని బద్యా మధ్యలో ఆగిపోయి, కిందికి చూస్తూ టైరును కాలితో తన్నాడు.

"అయితది" అన్నాడు షుకూర్.

బద్యా భాభీ అన్నది షుకూర్ భార్య షాకేరాను. ఆమె వైరాలో అన్న ఇంటికి పోతోంది. చుట్టపుచూపుకు కాదు. కాలితో తొక్కే కుట్టుమిషను, ట్రంకుపెట్టె వెంట తీసుకుపోతోంది. మిషనును బస్సు మీద ఎక్కించుకోం అన్నారు కాబట్టి లారీ. "మళ్లీ రాను" అని పొయ్యి ముందు కూర్చుని, ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది. అతనూ అట్లాగే విన్నాడు. ఒక్క మాట అంటే ఆగుతుందని అతనికి తెలుసు. ఆ మాట ఏదో కూడా తెలుసు. తప్పు నాది అనాలి.

అతను మాడిన కట్టను ఇంజను మీది నుంచి చిన్నగా లాగి, షెడ్డు నేల మీద పరిచిన గోనెపట్టా మీద పడుకోబెట్టాడు. డైనమోకు పోయే కొమ్మ, సెల్ఫ్‌కు పోయేది, లైట్లకు, హారన్‌కు పోయేవి దేనికవి విడదీశాడు. వాటి పక్కనే కొత్త వైర్లు పెట్టి, వంపుల దగ్గర నాలుగు వేళ్లు ఎక్కువ వదిలి కోశాడు. ఊరికి మండలాఫీసు ఈ ఏడాదే వచ్చినా, దమ్మపేటలో వైరు అంటే ఎరుపు లేదా నలుపు. వేరే రంగు కావాలంటే ఖమ్మం పోవాలి. అందుకని ప్రతి వైరుకూ రెండు కొసలా దారపు ముడులు వేశాడు. లైట్లకు ఒక ముడి, హారన్‌కు రెండు. ఏ కొస దేనిదో అతని వేళ్లకు తెలుస్తుంది. ఇంకొకరికి తెలియదు. తెలియాలని అతను ఎప్పుడూ అనుకోలేదు.

అతనికి పని నేర్పిన ఉస్తాద్ ఖమ్మంలో ఒకసారి సగం విప్పిన లారీని వదిలి అన్నానికి వెళ్లాడు. ఆగలేని డ్రైవర్ బ్యాటరీ కలిపాడు. క్యాబిన్ కాలింది, లోపల నిద్రపోతున్న క్లీనర్ చేతులు కాలాయి. విప్పిన బండి వదిలి లేవొద్దని ఉస్తాద్ ఆ రోజు నుంచి శిష్యులందరి చేతా ఒట్టు వేయించుకున్నాడు. మిగతా శిష్యులకు ఆ ఒట్టు నోటిమాటగానే మిగిలింది. షుకూర్ ఒక్కడే పాటించాడు.

కిందటేడు వానాకాలంలో కూతురు షమీమాకు జ్వరం తలకెక్కినప్పుడు కూడా పాటించాడు. షాకేరా మనిషిని పంపింది. అతను లారీ కింద ఉన్నాడు, వైర్లు బయట ఉన్నాయి. ఇది కలిపి వస్తున్నానన్నాడు. ఆమె ఎదురుచూసి, చూసి, ఎడ్లబండి కట్టించుకుని ఒంటరిగా సత్తుపల్లి దవాఖానాకు బయలుదేరింది. లారీ ఆగేది. పిల్ల ఆగలేదు.

అంతకు ముందు ఆమె అతన్ని "షమీమా అబ్బా" అని పిలిచేది. పిల్లతోపాటు ఆ పిలుపూ పోయింది. మరో పిలుపు పెట్టుకోలేదు. వండింది, ఉతికింది, ఊళ్లోవాళ్ల జాకెట్లు కుట్టింది. తిట్టలేదు. తిట్టకపోవడం చూసి మరిచిపోయిందనుకున్నాడు. మగవాడికి అది సులువు.

ఎండ షెడ్డు లోపలికి వచ్చేసరికి కట్టకు టేపు చుట్టడం అయింది. ఎదురు కొట్టు జంపక్క టీ తెచ్చి బానెట్ మీద పెట్టింది.

"అన్నా, మీ ఆడామె పెట్టె సదురుతాంది. పోయి మాట్లాడరాదు?"

"బండి విప్పి ఉంది."

"బండికేం, కాళ్లొచ్చి ఉరుకుతదా?"

"విప్పిన బండి ఇడిచి లేవొద్దని ఉస్తాద్ మాట."

"ఆయన సచ్చి ఎన్నేండ్లాయె! సచ్చినోని మాట ఇంటవు, ఇంట్ల ఉన్నదాని మాట ఇనవు. మంచిగున్నది." ఖాళీ గ్లాసు కోసం ఆగకుండానే వెళ్లిపోయింది.

అతను కట్ట కొసను ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్య రేకులో ఉన్న కన్నంలోంచి దూర్చాడు. రేకు అంచు కోయకుండా రబ్బరు బిళ్ల తొడిగాడు. సైలెన్సర్ గొట్టానికి తగలకుండా పైనుంచి తిప్పి క్లిప్పులు బిగించాడు. తరువాత క్యాబిన్‌లోకి ఎక్కి, వెల్లకిలా పడుకుని, డ్యాష్‌బోర్డు కింద తల దూర్చాడు.

బద్యా, ఇంకో ఇద్దరూ మిషనును బస్తాల మీదికి ఎక్కించిన చప్పుడు వినిపించింది. ఎవరో "పైలం, పైలం" అన్నారు. క్యాబిన్ తలుపు తెరుచుకుంది.

"పోతున్న" అంది షాకేరా.

అతని నోట్లో టేపు ముక్క ఉంది. తీసి, "ఈ కొసలు కలపనీ, లేస్తా" అన్నాడు.

ఆమె మెట్టు మీద నిలబడింది. అతను ముడులు తడిమి వైర్లు కలిపాడు. ఆమె ఇంకా నిలబడే ఉంది. "బ్యాటరీ పెట్టి చూడాలె" అన్నాడు. అవతలి తలుపు నుంచి దిగి వెళ్లి బ్యాటరీ కలిపి వచ్చాడు. హారన్ మోగింది. లైట్లు వెలిగాయి. అమ్మీటరు ముల్లు కదిలి, ఉండాల్సిన చోట నిలబడింది. అతని ముఖం వెలిగింది. తలెత్తి చూస్తే ఆమె సీట్లో కూర్చుని ఉంది. ముందు అద్దంలోంచి రోడ్డు చూస్తోంది.

ఒక క్లిప్పు మిగిలింది. అది ఆమె కాళ్ల దగ్గర. అతను మళ్లీ వంగి పడుకున్నాడు. ఆమె పాదం అతని ముఖానికి బెత్తెడు దూరంలో ఉంది. మడమ పగుళ్లలో మిషను తొక్కిన మసి. గోటికి పాత గోరింటాకు లేదు, కొత్తదీ లేదు. ఆ పాదాన్ని అంత దగ్గరగా ఎప్పుడు చూశాడో గుర్తురాలేదు. అనాల్సిన మాట గొంతు దాకా వచ్చింది. క్లిప్పు బిగించకపోతే వైరు వేలాడుతుంది.

"కాలు జరంత పక్కకు" అన్నాడు.

ఆమె కాలు వెనక్కి తీసుకుంది. అతను బిగించి దిగాడు.

లారీ మొదటి సెల్ఫ్‌కే అందుకుంది. "పోయొస్త భాయ్" అని బద్యా ఒక్కడే అన్నాడు. మసకచీకటిలో వెనక లైట్లు సత్తుపల్లి రోడ్డు మలుపు దాకా ఎర్రగా వెలిగాయి. ఒక్కసారి కూడా మిణకలేదు. షుకూర్ మలుపు దాటేదాకా వాటినే చూశాడు.

పానాలు తుడిచి పెట్టెలో సర్ది ఇంటికి వెళ్లాడు. తలుపు దగ్గరికి వేసి ఉంది. మిషను ఉన్నచోట మట్టినేల నాలుగు చోట్ల నొక్కుకుపోయి కనిపించింది. దీపం ముట్టించి పొయ్యి దగ్గరికి వెళ్లాడు. సత్తుగిన్నెలో, ఇంకా ఆరని తడిగుడ్డ కింద, రొట్టెలకు కలిపిన పిండిముద్ద ఉంది. ఒక్కడికి సరిపడా.